నాలుగు వేళ్లు దిగిన కారు

ఆ శుక్రవారం పొద్దున్న రాజేంద్ర మనసులో ఉన్న పథకం చాలా చిన్నది. భార్య లక్ష్మీదుర్గని కార్లో కూర్చోబెట్టుకుని, నరసాపురం నుంచి చించినాడ వంతెన మీదుగా మలికిపురం తీసుకెళ్లాలి. దారిలో ఆమెకి కడుపులో తిప్పకూడదు. దిగేటప్పుడు తనంతట తానే, "ఫరవాలేదండీ, మన కారు బాగానే ఉంది" అనాలి. అంతకు మించి ఆయన ఏ దేవుణ్ణీ ఏమీ కోరలేదు.

రాజేంద్రకి మెయిన్ బజారులో పాత్రల కొట్టు ఉంది. సొట్ట పడిన బిందె పట్టుకుని ఎవరైనా వస్తే కొత్తది అంటగట్టకుండా, "సొట్ట తీయిస్తే ఇంకో తరం వస్తుందండి" అని చెప్పి పంపే మనిషి. బాగుచేస్తే బాగుపడని వస్తువంటూ లోకంలో లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇరవై ఏళ్లు దాటిన చిన్న తెల్ల కారుని ఇంకా నడుపుతున్నాడు. ఇంజను నిక్షేపంలా ఉంది. తిన్నటి రోడ్డు మీద పరుగూ బాగానే ఉంటుంది. చిక్కంతా మలుపుల దగ్గరే. కాలవగట్టు మీద మలుపు తిరిగినప్పుడల్లా కారు నావలా ఓ పక్కకి ఒరిగిపోయి, మలుపు అయిపోయాక కూడా కాసేపు ఊగి, ఎప్పటికో తీరుబడిగా నిటారుగా నిలబడేది. లక్ష్మీదుర్గ కడుపు మాత్రం అంత తొందరగా నిలబడేది కాదు.

నెల కిందట పాలకొల్లు నుంచి వస్తూ ఆమె దారిలో మూడుసార్లు కారు ఆపించింది. మూడోసారి కాలవ తూము మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, తీర్పు చెప్పేసింది.

"అక్క గృహప్రవేశం అయ్యేదాకా ఊరుకుంటాను. ఆ తరవాత దీన్ని అమ్మేస్తారో, నన్ను బస్సులో తిప్పుతారో మీ ఇష్టం."

ఇష్టం అన్న మాట వాడింది కానీ ఆ గొంతులో రాజేంద్ర ఇష్టానికి చోటేమీ కనబడలేదు. మర్నాడే ఆయన పాలకొల్లు రోడ్డులో ఉన్న విజయ్ పాల్ షెడ్డుకి కారు తీసుకెళ్లాడు. విజయ్ పాల్ మంచి మెకానిక్. పాత కార్లంటే ప్రాణం. వాటిని మామూలుగా నడిచేలా బాగుచేసి వదిలేయడమంటేనే అతనికి గిట్టదు.

"మలుపుల్లో ఒరుగుతోంది విజయ్ పాల్," అన్నాడు రాజేంద్ర.

విజయ్ పాల్ రెండు చేతులూ బానెట్ మీద పెట్టి గట్టిగా నొక్కి వదిలేశాడు. కారు తల ఊపడం మొదలెట్టింది. ఊపుతూనే ఉంది.

"ఏది చెప్పినా ఔనంటోంది సార్ ఇది," అన్నాడు విజయ్ పాల్. "షాకులు పోయాయి. బుష్‌ల రబ్బరు పిండైపోయింది. స్ప్రింగులు నీరసపడిపోయాయి. అసలు కారు ఎందుకు ఒరుగుతుందో తెలుసాండి? బరువు ఎత్తులో ఉంటే ఒరుగుతుంది. అదే కిందకి దింపామనుకోండి, నేలని కరుచుకుని తిరుగుతుంది. పొట్టి స్ప్రింగులు, అవీ బిరుసువి వేద్దాం. గ్యాసు షాకులు వేద్దాం. ముందు చక్రాలు రెంటినీ కలిపి పట్టుకునేలా లావుపాటి కడ్డీ ఒకటి, కొంచెం వెడల్పు టైర్లు. ఇంక మీకు మలుపూ తిన్నటి రోడ్డూ ఒకటే."

"ఎంత దింపుతావు?"

విజయ్ పాల్ బొటనవేలు మడిచి మిగతా నాలుగు వేళ్లూ చూపించాడు.

పని పూర్తయ్యాక రాజేంద్ర ఒక్కడే కారుని కాలవగట్టు మీదకి తీసుకెళ్లి చూసుకున్నాడు. మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు తిరిగింది. ఇంకేదీ తిరగలేదు. అంత చక్కటి మలుపు జీవితంలో చూడనట్టు, వెనక్కి వెళ్లి మళ్లీ తిరిగాడు. ఈ సంగతి లక్ష్మీదుర్గకి ముందే చెప్పకూడదని, ప్రయాణంలో ఆమే కనిపెట్టాలని అక్కడే నిర్ణయించుకున్నాడు. ఆ సంబరంలో ఉండబట్టే, షెడ్డుకి తిరిగొచ్చి డబ్బులిచ్చి బయలుదేరుతుంటే విజయ్ పాల్ వెనకనుంచి, "స్పీడ్ బ్రేకర్లు మాత్రం తిన్నగా ఎక్కించకండి సార్, ఓ మూల నుంచి ఏటవాలుగా ఎక్కించాలి" అని చెప్పిన మాట ఒక చెవికే చేరింది.

నాగదుర్గ లక్ష్మీదుర్గకి అక్క. ఆవిడ భర్త సురేష్‌బాబుది మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం. వాళ్లు కట్టుకున్న కొత్తింట్లో ఆ రోజే పాలు పొంగించడం. అన్నదమ్ములు లేని ఆడపిల్లలు కాబట్టి పుట్టింటి తరఫున పాలగిన్నె తేవలసింది చెల్లెలే. అందులోనూ చెల్లెలి మొగుడిది పాత్రల కొట్టాయె. రాజేంద్ర కొట్లోకెల్లా మంచి ఇత్తడి గిన్నె తీసి తళతళలాడేలా తోమించాడు. లక్ష్మీదుర్గ అందులో బియ్యం, పసుపు, కుంకుమ పెట్టి, కొత్తింట్లో పొయ్యి మీద పెట్టేదాకా ఇంకెక్కడా దింపకూడదని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాళ్లమ్మ అప్పాయమ్మ ముందురోజే బస్సులో వెళ్లిపోయింది. ఆవిడకి ఈ కారు సంగతి బాగా తెలుసు.

"ఏంటండి, పీట మీద కూర్చున్నట్టుంది?" అంది లక్ష్మీదుర్గ కార్లో కూర్చోగానే.

"నీకలా అనిపిస్తోందంతే," అన్నాడు రాజేంద్ర లోలోపల మురిసిపోతూ.

మొదటి స్పీడ్ బ్రేకరు ఊరు దాటకుండానే, బడి ముందు వచ్చింది. అలవాటుకొద్దీ తిన్నగా ఎక్కించాడు. పెద్ద గంగాళాన్ని సిమెంటు గచ్చు మీద ఈడ్చినట్టు కిందనుంచి ఒక చప్పుడు వచ్చింది. లక్ష్మీదుర్గ గిన్నెని గుండెలకి హత్తుకుంది. రాజేంద్రకి అప్పుడు వినబడింది, విజయ్ పాల్ చెప్పిన మాట, రెండో చెవికి కూడా.

రెండో బ్రేకరు దగ్గర ఆయన జాగ్రత్తపడ్డాడు. కారుని రోడ్డుకి అడ్డంగా తిప్పి, ఒక్కొక్క చక్రాన్నే బతిమాలి ఎక్కించాడు. సందులోకి తిరుగుతున్నాడేమోననుకుని వెనకున్న ఆటో ముందుకొచ్చింది. ఆటో వెనక బస్సు వచ్చింది. ఆ రెంటినీ విడదీసేసరికి హారన్ల మోతతో బజారు బజారంతా బయటికి వచ్చి చూసింది. ఆ తరవాత బేంకు ముందు ఒకటి, గుడి ముందు ఒకటి, ఏమీ లేని చోట ఒకటి. ఇన్నేళ్లుగా అదే దారిలో తిరుగుతున్నా, ఊళ్లో ఇన్ని బ్రేకర్లు ఉన్నాయని రాజేంద్ర ఏనాడూ గమనించలేదు.

"ఇలా అడ్డంగా ఓసారీ నిలువుగా ఓసారీ వెళ్తే అక్క మనవడి బారసాలకి చేరతాం," అంది లక్ష్మీదుర్గ. "అక్కకి ఇంకా కోడలే రాలేదు. కారు వెనక్కి తిప్పండి. పంటు మీద వెళ్దాం. గోదాట్లో బ్రేకర్లు ఉండవు."

పంటంటే నరసాపురం రేవు నుంచి అవతల సఖినేటిపల్లి రేవుకి మనుషుల్నీ బండ్లనీ దాటించే వెడల్పాటి పడవ. మలికిపురానికి అదే దగ్గర దారి. రాజేంద్ర చూపిద్దామనుకున్న మలుపులన్నీ చించినాడ దారిలోనే ఉండిపోయాయి. అయినా ముహూర్తం ముఖ్యం కనక నోరు మూసుకుని కారు తిప్పాడు.

రేవులో పంటు సిద్ధంగా ఉంది. మోటారు సైకిళ్లు ఎక్కేశాయి. చేపల బుట్టలు ఎక్కుతున్నాయి. ఒడ్డుకీ పంటుకీ మధ్య ఇనప బల్ల వేసి ఉంది. పంటు నడిపే మనిషి, పేరు చిన్నబ్బాయి, చెయ్యి ఊపి, "రండి షావుకారుగారూ, రండి, రండి," అంటూ వెనక్కి నడిచాడు. కారు రేవు వాలులో దిగి బల్ల ఎక్కింది. ముందు చక్రాలు పంటు మీదకి వెళ్లాయి. అప్పుడు కింద నుంచి ఒక నిట్టూర్పు వినబడింది, కారు ఆగిపోయింది.

ముందు చక్రాలు పంటు మీద, వెనక చక్రాలు బల్ల మీద, కారు నడుం మాత్రం ఇనప అంచు మీద. ముందుకి పోనిస్తే చక్రాలు ఉత్తినే తిరిగాయి. వెనక్కి పోనిస్తే అవీ తిరగలేదు. కారు అక్కడుండగా బల్ల తీయడానికి లేదు, బల్ల తీయకుండా పంటు కదలడానికి లేదు.

చిన్నబ్బాయి వంగి కిందకి చూశాడు. "ఏం ఎక్కించారండి దీంట్లో? ఇంతలా దిగిపోయింది! బిందెల లోడా?"

"బిందెలు లేవయ్యా. ఒక్క గిన్నె ఉంది."

"గిన్నెకి ఇంత దిగదు కదండి."

వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా వచ్చి చూసి, షావుకారు ఏదో బరువైన సరుకు దాటిస్తున్నాడని తేల్చుకున్నారు. రాజేంద్ర రోషంగా డిక్కీ తెరిచాడు. అందులో గొడుగూ, బట్టల సంచీ, అదనపు చక్రమూ ఉన్నాయి. అక్కడ ఏమీ దొరకకపోయేసరికి అందరి చూపులూ నెమ్మదిగా లక్ష్మీదుర్గ వైపు తిరిగాయి.

"నావైపు చూస్తారేంటి?" అందామె అద్దం దించి. "ఏవండీ, అసలు ఏం చేశారు ఈ కారుకి?"

ఆమే కనిపెట్టాలని కోరుకున్నాడు కానీ ఇలా కనిపెడుతుందని అనుకోలేదు. "నాలుగు వేళ్లు కిందకి దింపించానే," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకూ?"

అంతమంది ముందు చెప్పడానికి ఆయనకి మొహమాటమేసింది. తరవాత చెప్తానన్నట్టు చెయ్యి ఊపాడు. లక్ష్మీదుర్గకి అది పిచ్చి సరదాలాగే కనబడింది. పెదవి బిగించి, అద్దం పైకెత్తేసుకుంది.

చిన్నబ్బాయి ఆమెని దిగమన్నాడు. దిగనంది. కట్టుకున్నది పట్టుచీర, రేవంతా అడుసు, ఒళ్లో గిన్నె. రాజేంద్ర కూడా దిగమన్నాడు. ఆమె గిన్నెని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ముహూర్తానికి ఆలస్యమవుతుందని ఒక మాట చెప్పడం మంచిదనుకుని ఆయన తోడల్లుడికి ఫోన్ చేశాడు. సురేష్‌బాబు తోరణాలు కట్టిస్తూ ఫోను గట్టు మీద పెట్టాడు. దాన్ని అప్పాయమ్మ తీసింది. ఆవిడకి చెముడు. అయినా ఫోను మోగితే ఎత్తకుండా ఉండలేదు.

"అత్తయ్యగారూ, నేనండి, రాజేంద్రని. రేవులో ఇరుక్కుపోయాం."

"ఎవరూ? గట్టిగా చెప్పు బాబూ!"

"రేవులో అండి! కారు దింపించాను కదా, అందుకని..."

"కారు దింపావా? గోదాట్లో దింపావా?"

"గోదాట్లో కాదండి, దింపించింది పాలకొల్లు రోడ్డులో. రేవులోకొచ్చి ఇరుక్కుంది."

"లక్ష్మి ఏదీ?" అని అరిచింది అప్పాయమ్మ.

"కార్లోనే ఉందండి. ఎంత చెప్పినా బయటికి రావడం లేదు!"

అంతలో వెనకనుంచి ఒక చెయ్యి ఆయన భుజం మీద పడింది. ఆ చెయ్యి జగదాంబది. రోజూ ఆ పంటు మీదే అవతలి సంతకి చేపలు తీసుకెళ్లే మనిషి. బుట్టల్లో ఐసు కరిగి కారుతోంది, ఆవిడ ఓపికా కరిగిపోయింది.

"ఫోన్లు తరవాత మాటాడుకుందురుగాని బాబూ. నా పండుగప్పలు మీకోసం ఆగవు. ముందు ఓ చెయ్యి ఎయ్యండి. ఏరా, మీరంతా సూత్తా నిలబడ్డారేంట్రా? పట్టండి!"

రాజేంద్ర ఫోన్ కట్ చేసి కిటికీ సందులోంచి లోపలికి విసిరాడు. మోటారు సైకిళ్ల వాళ్లు, పంటు మనుషులు, చేపల బుట్టల వాళ్లు పదిమంది దాకా కారు చుట్టూ చేరారు. "అమ్మగారు కూడా ఉన్నారండి లోపల," అని ఎవరో గుర్తుచేశారు. "ఉండనీ," అంది జగదాంబ. "ఇంతమందున్నారు, ఒక్క ఆడకూతుర్ని మొయ్యలేరా? హైలెస్సా!"

కారు లేచింది. లక్ష్మీదుర్గ గిన్నె పట్టుకుని పల్లకీలో పెళ్లికూతురిలా, ఒక్క కుదుపు లేకుండా గాల్లో వెళ్లి పంటు మధ్యలో దిగింది. ఆమె అద్దం దించి, తీరిగ్గా అంది:

"ఇంత హాయిగా ఈ కారు ఎప్పుడూ నడవలేదండీ."

పంటు మీద అందరూ నవ్వారు. రాజేంద్ర కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. కారు లేచినప్పుడు ఫోను జారి సీటు కిందకి పోయింది. గోదావరి దాటుతున్నంతసేపూ అది అక్కడినుంచి మోగుతూనే ఉంది. ఇద్దరూ అటొకరూ ఇటొకరూ చెయ్యి పెట్టి చూశారు. వేళ్లకి తగిలినట్టే తగిలి ఇంకా లోపలికి పోయింది. లక్ష్మీదుర్గ ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉండిపోయింది. అవతలి రేవు దగ్గరపడుతుండగా మోత కూడా ఆగిపోయింది.

"ఎవరో ఏంటో," అంది లక్ష్మీదుర్గ.

"మీ బావగారే అయ్యుంటారు. ఆలస్యం అవుతుందని చెప్పానుగా, ఫరవాలేదు," అన్నాడు రాజేంద్ర.

అటు మలికిపురంలో ఏం జరిగిందో ఆయనకి తరవాత తెలిసింది. అప్పాయమ్మ ఫోను కింద పెట్టి, కొత్తింటి గచ్చు మీద కూలబడి, "అల్లుడు కారు గోదాట్లో దింపేశాడే! నా తల్లి కార్లోనే ఉండిపోయిందే!" అని గొల్లుమంది. సురేష్‌బాబు తిరిగి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. సఖినేటిపల్లి రేవులో తెలిసినవాళ్లకి చేస్తే, "పంటు అవతలే ఆగిపోయిందండి, అక్కడ కారుదేదో గొడవ జరిగిందట" అన్నారు. ఇంకేం కావాలి? పంటు రాదు కాబట్టి ఆయన కొత్తగా కొన్న ఎత్తైన పెద్ద కార్లో భార్యనీ అత్తగారినీ ఎక్కించుకుని, తోరణాలు సగంలో వదిలేసి, చించినాడ వంతెన మీదుగా నరసాపురానికి బయలుదేరాడు.

ఇటు రాజేంద్ర కారుని అవతలి రేవులో అదే పదిమందీ మళ్లీ ఎత్తి ఒడ్డున పెట్టారు. జగదాంబ వెళ్తూ వెళ్తూ, "వచ్చేటప్పుడు వంతెన మీంచి రండి బాబూ," అని సలహా చెప్పింది.

అక్కడినుంచి మలికిపురం దారి కాలవ పక్కనే. కొబ్బరితోటల మధ్య మొదటి మలుపు కనబడగానే లక్ష్మీదుర్గ అలవాటుగా కళ్లు గట్టిగా మూసుకుంది. కారు తిరిగింది. కాసేపటికి ఆమె ఒక కన్ను తెరిచింది.

"మలుపు ఏదండీ?"

"అయిపోయింది."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. మలుపు నిజంగానే వెనకుంది. ఇంకోటి వచ్చింది. ఈసారి కళ్లు తెరుచుకునే కూర్చుంది. గిన్నెలో బియ్యం కూడా కదల్లేదు. రాజేంద్ర రోడ్డుకి బదులు ఆమె మొహంకేసి చూస్తున్నాడు.

"ముందు చూసి నడపండి బాబూ," అంది. కొంచెం ఆగి, "ఇందుకా దింపించింది?" అని అడిగింది.

"ఆ రోజు నువ్వు తూము మీద కూర్చున్నావు చూడు," అన్నాడు రాజేంద్ర. "నీ మొహం అలా చూశాక మరి కారు నడపబుద్ధి కాలేదు. అలాగని అమ్మేయబుద్ధీ కాలేదు."

లక్ష్మీదుర్గ గిన్నె అంచుని చెంగుతో తుడిచింది. రోడ్డు మీద చిన్న గులకరాయి వచ్చింది. అది కింద ఎక్కడ తగిలిందో ఇద్దరికీ స్పష్టంగా తెలిసింది. "ప్రతి రాయీ పేరుపేరునా పలకరిస్తోందనుకోండి," అంది. కానీ ఆ మాటలో పొద్దుటి బిగువు లేదు.

కొత్తింటి ముందు కారు ఆగేసరికి షామియానా కింద జనం గుంపులుగా నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. వంటవాళ్లు గరిటెలు కింద పెట్టేశారు. కార్లోంచి పట్టుచీర కట్టుకుని, ఇత్తడి గిన్నె పట్టుకుని దిగుతున్న లక్ష్మీదుర్గని చూసి పక్కింటావిడ కెవ్వున అరిచింది.

"అమ్మో, వచ్చేశారే!"

"వస్తామనే కదండి చెప్పాం," అన్నాడు రాజేంద్ర అయోమయంగా.

సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక పంతులుగారు తన ఫోన్ తీసి సురేష్‌బాబుకి కలిపి లక్ష్మీదుర్గకి ఇచ్చారు. అవతల ఎత్తింది నాగదుర్గ.

"అక్కా, నేనే."

"ఎక్కడినుంచే మాట్లాడుతున్నావు?" అంది నాగదుర్గ భయంభయంగా.

"మీ ఇంట్లోంచి."

అక్క భోరున ఏడ్చింది. అప్పటికి నరసాపురం రేవు చేరి కాసేపయిందట. తెల్ల కారు సంగతి చిన్నబ్బాయిని అడిగితే అతను ఎంతో మర్యాదగా, "ఆయ్, ఆ అమ్మగారినాండి? ఇప్పుడే పదిమందిమీ మోసుకెళ్లి అవతలికి పంపించేశామండి" అన్నాట్ట. ఆ మాటతో అప్పాయమ్మ రేవు మెట్ల మీద పడిపోయింది. మొహాన గోదావరి నీళ్లు కొడితే లేచి, మళ్లీ అదే మాట తలుచుకుని మళ్లీ పడిపోయింది.

అందరూ బతికే ఉన్నారని రూఢి అయ్యాక పంతులుగారు గొంతు సవరించుకున్నారు.

"ముహూర్తం దగ్గరపడిందమ్మా. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆగదు. వాళ్ల నక్షత్రానికి ఇవాళ ఇదొక్కటే, రేపటినుంచి మూఢం. శ్రావణం దాకా మరి పాలు పొంగించడానికి లేదు."

"అయ్యో, వండినవన్నీ?" అన్నారు వంటవాళ్లు.

"అయ్యో, సామానంతా సర్దేశాం కదండి, పాతింటి తాళాలు కూడా ఇచ్చేశాం!" అంది ఫోన్లోంచి నాగదుర్గ.

పంతులుగారికి ఆ మధ్యాహ్నం రాజోలులో ఇంకో గృహప్రవేశం ఉంది. ఆయన శాస్త్రాన్ని కాసేపు మనసులో తిరగేసి చూశారు. "ఇంటి ఇల్లాలి తోబుట్టువు, అందులోనూ దంపతులు, పైగా పాలగిన్నె తెచ్చినవారు. వీరి చేతుల మీద కానిస్తే దోషం లేదు. ఇల్లాలు ఒప్పుకుంటే చాలు."

నాగదుర్గ ఒప్పుకుంది. ఫోన్ని వీడియోలో పెట్టి పొయ్యి ఎదురుగా గోడకి ఆనించారు. రాజేంద్ర, లక్ష్మీదుర్గ కుడికాలు పెట్టి తమది కాని ఇంట్లోకి అడుగుపెట్టారు. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే, గృహస్థు పేరూ గోత్రమూ రావలసిన చోట రాజేంద్ర సిగ్గుపడుతూ తోడల్లుడివి చెప్పాడు. లక్ష్మీదుర్గ గిన్నెలోవి పళ్లెంలోకి తీసి, పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. పాలు ఎంతసేపటికీ పొంగలేదు. ఫోన్లోంచి అప్పాయమ్మ, "మంట పెంచవే!" అని అరిచింది. మంట పెంచారు. పాలు తూర్పు వైపుకి చక్కగా పొంగాయి. గోదావరికి అటూ ఇటూ ఉన్నవాళ్లంతా ఒకేసారి చప్పట్లు కొట్టారు.

పంటు ఎక్కనని అప్పాయమ్మ పట్టుబట్టడంతో వంతెన మీదుగానే తిరిగి, ఇంటివాళ్లు తమ ఇంటికి చేరేసరికి రెండో బంతి లేస్తోంది. పెద్ద కారు గేటు ముందు ఆగింది. ముందు నాగదుర్గ పరుగెత్తుకొచ్చి చెల్లెల్ని వాటేసుకుంది. తరవాత సురేష్‌బాబు దిగాడు. ఎప్పుడు కలిసినా, "ఇంకా ఆ డొక్కేనా తమ్ముడూ?" అని అడిగే మనిషి, ఈసారి ఏమీ అడగకుండా తెల్ల కారు దగ్గర వంగి చక్రాలకేసి చూశాడు. చివరికి అప్పాయమ్మ రెండు చేతులూ తలుపుకి ఆనించి దిగింది. మొహం పసుపు ముద్దలా ఉంది.

"పోతూ వస్తూ ఎన్ని మలుపులో," అంది నీరసంగా. "ఆ ఎత్తు మీద కూర్చుంటే ఉయ్యాల్లో ఉన్నట్టే ఊగింది. వెళ్లేటప్పుడు రెండుసార్లు ఆపించాను. వచ్చేటప్పుడు లెక్కపెట్టలేదు."

"మా దాంట్లో ఏమీ తెలియలేదమ్మా," అంది లక్ష్మీదుర్గ. "మలుపులో బియ్యం గింజ కూడా కదల్లేదు."

రాజేంద్ర చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు అలాగే ఆగిపోయింది. తను పొద్దున్న కోరుకున్న మాట కాదది. అంతకంటే పెద్దది. అదీ తనకి కాదు, అందరికీ వినబడేలా అంది.

"అయితే రేపు నేను మీ కార్లోనే వస్తాను," అంది అప్పాయమ్మ. "కానీ బాబూ, ఈసారి ఎక్కడా దింపకు."

తోడల్లుడు రాజేంద్రని షామియానా చివరికి తీసుకెళ్లి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెకానిక్ పేరేంటని అడిగాడు.

మర్నాడు అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, జగదాంబ చెప్పినట్టే చించినాడ మీదుగా వచ్చారు. లక్ష్మీదుర్గ ఒక్కొక్క మలుపునీ వాళ్లమ్మకి వేలితో చూపించింది. బ్రేకర్ల దగ్గర ఇద్దరూ దిగి, కారు అవతలికి దాటాక మళ్లీ ఎక్కారు. సోమవారం రాజేంద్ర విజయ్ పాల్ షెడ్డుకి వెళ్లి కారుని రెండు వేళ్లు పైకి ఎత్తించాడు. అలా చేస్తే మలుపులో కొంచెం పట్టు తగ్గుతుందని విజయ్ పాల్ ఎంతో బాధపడ్డాడు. రాజేంద్ర బండిని కాలవగట్టు మీదకి తీసుకెళ్లి చూశాడు. తగ్గినట్టు ఆయనకి అనిపించలేదు. పక్కన కూర్చున్న లక్ష్మీదుర్గకీ అనిపించలేదు. కారు అమ్మకం మాట ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మలికిపురంలో కొత్తిల్లు కూడా బాగానే ఉంది. కుళాయి కారినా, గోడ చెమ్మెక్కినా, మోటారు ఆగినా నాగదుర్గ మాత్రం, "పాలు పొంగించింది నువ్వే కదటే" అని చెల్లెలికే ఫోన్ చేస్తోంది.